రెండు గుండీలు తగ్గాయి

తప్పు మీది, పశువుల ఆసుపత్రి వాళ్ళది. గోడల నిండా నవ్వే కుక్కపిల్లల బొమ్మలు అంటించారు, మూల చేపల తొట్టె పెట్టారు, తాగడానికి చల్లటి నీళ్ళు పెట్టారు. "ఇక్కడ ముందొచ్చినదాన్ని ముందు చూడం, ముందు చచ్చేదాన్ని ముందు చూస్తాం" అన్న ఒక్క ముక్క రాసి తలుపుకి తగిలించడానికి మాత్రం మీకు చేతులు రాలేదు. జబ్బు జంతువుని మోసుకొచ్చిన ఇంటిల్లిపాదినీ ఒక్క చోట నిలబెట్టి, ఏం పెట్టారు, ఏం తిన్నది అని అందరి ముందూ అడుగుతారు. అందరి ముందూ నిజం చెప్పే మొనగాడు ఏ ఇంట్లో ఉన్నాడు? అక్కడితో అయిపోలేదు. తప్పు మీది కూడా, కుక్కల్ని పెంచుకునేవాళ్ళది. అది రాత్రి ఎవరి పక్కన పడుకుందో కనిపెట్టి చూస్తారు గాని, ఎవరెవరు దానిచేత ఏమేం మింగిస్తున్నారో ఒకళ్ళనొకళ్ళు అడగరు. అడిగితే చిన్నతనం. ఆ చిన్నతనం ఒక ఆదివారం మధ్యాహ్నం ఒక నల్లకుక్క పొట్ట మీదికి కత్తిని ఎలా తెచ్చిందో చెప్తే అయినా బుద్ధి వస్తుందేమో వినండి.

కుక్క పేరు మసి. ఇల్లు రెండంతస్తులు. కింద వీధి వైపు గదిలో కుట్టుమిషను, నిలువుటద్దం, గోడకి మేకులు కొట్టి వేలాడదీసిన సగం కుట్టిన జాకెట్లు. అది టైలరమ్మ రాజ్యం. మేడ మీద ఆమె మరిది, అతని పెళ్ళాం. ఆ పిల్ల చిన్నపిల్లల బడిలో పాఠాలు చెప్తుంది కనక వీధి వీధంతా పంతులమ్మ అంటారు. టైలరమ్మ మొగుడు నెలలో ఇరవై రోజులు లారీ మీదే ఉంటాడు. ఈ గొడవ జరిగిన రోజు కూడా ఎక్కడో రోడ్డు మీదే ఉన్నాడు కనక అతని ఊసు ఇక్కడితో సరి.

మసిని తెచ్చింది టైలరమ్మే. ఆరేళ్ళ కిందట బట్టల కొట్టు వెనక తడిసిన అట్టపెట్టెలో అరచేయంత పిల్ల, కళ్ళు కూడా తెరవలేదు. దూది ముంచి పాలు పిండి పోసింది. కత్తిరింపు ముక్కలతో పరుపు కుట్టి మిషను కిందే పడుకోబెట్టింది. కుట్టుకొట్టులో పెరిగిన కుక్క కదా, దానికి గుండీలంటే పిచ్చి. పిల్లప్పుడు ఒకసారి మింగి, అది అడ్డం పడి, డాక్టరు గొట్టం వేసి తీశాడు. ఆనాడు చీటీ మీద యజమాని అన్న చోట మొగుడి పేరు రాయబోతే టైలరమ్మ ఒప్పుకోలేదు. తన పేరే రాయించింది.

రెండేళ్ళ కిందట పంతులమ్మ కాపురానికి వచ్చింది. రెండు నెలలు తిరక్కుండా మసి మకాం మేడ మీదికి మార్చింది. పాలు పోసిన చెయ్యి ఒకరిది, తోక ఊపింది ఇంకొకరికి. రోజూ చీకటి పడగానే మెట్ల మీద దాని గోళ్ళ చప్పుడు టకటకా పైకి పోతుంటే, కింద టైలరమ్మకి ఆ గోళ్ళు తన గుండె మీద నడిచినట్టుండేది. ఊరుకునే రకం కాదు గనక, బడిపిల్లల్ని మచ్చిక చేసే విద్య కుక్కల మీద కూడా పనిచేస్తుందన్నమాట అని ఒకసారి పైకే అనేసింది. ఆ పిల్ల తిరిగి ఒక్క మాట అంటే కడుపు చల్లబడేది. అదేం లేదక్కా, పైన గాలి బాగా వస్తుంది, అంతే, అని నవ్వి పోయింది. ఆ నవ్వుకి టైలరమ్మకి రెండు రోజులు సూదిలోకి దారం ఎక్కలేదు.

ఈ మధ్య మసికి వెనక కాలు కీళ్ళ దగ్గర పట్టేసింది. డాక్టరు నొప్పి మాత్రలు రాశాడు, పొద్దున తిండి తిన్నాక ఒక్కటి, అంతకు మించి వద్దు అన్నాడు. మొదటి రోజు టైలరమ్మ వేసింది. మసి దాన్ని నాలుక కింద దాచుకుని బీరువా వెనకాల ఉమ్మేసింది. మర్నాడు పంతులమ్మ వేసింది. చేతిలోంచి అందుకుని మింగి, చెయ్యి నాకింది. ఇంకేముంది, మాత్ర వేసే ఉద్యోగం మేడ మీదికి పోయింది. పుండు మీద కారం అంటే అదే.

ఎనిమిది రోజుల కిందట ఒక సాయంత్రం టైలరమ్మ నడుము నొప్పికి తన మాత్ర తను వేసుకోబోతూ, కుంటుకుంటూ గుమ్మంలోకి వచ్చిన మసిని చూసింది. మాత్ర సగానికి విరిచింది. వెన్న రాసిన రొట్టె ముక్కలో పెట్టి వేసింది. వెన్న అన్నాక ఏ కుక్క ఉమ్ముతుంది? అరగంట గడిచేసరికి మసి వచ్చి పాతరోజుల్లోలాగా మిషను తొక్కుడుబల్ల పక్కన చేరగిలబడి పడుకుంది. పైకి పోలేదు. నొప్పి తగ్గి పడుకుందో, కడుపులో వికారంతో కదల్లేక పడుకుందో ఆలోచించే ఓపిక ఎవరికుంది? వాపు చూసి బలుపనుకుంది. మర్నాడు మళ్ళీ సగం. ఆ మర్నాడు మళ్ళీ. మేడ మీంచి పంతులమ్మ మసీ మసీ అని పిలుస్తుంటే, వాడిక్కడే ఉన్నాడమ్మా, వెతక్కు, అని కింద నుంచి గట్టిగా చెప్పడంలో ఉన్న సుఖం ఆమె పుట్టి బుద్ధెరిగాక ఎరగదు. మాత్రల అట్ట బీరువాలో పెడితే ఎవరి కంటైనా పడుతుందని నడుముకి కట్టుకునే గుడ్డ సంచిలోకి, సుద్దముక్కల మధ్యకి మార్చింది.

ఆదివారం మధ్యాహ్నం మసి వాంతి చేసుకుంది. ముదురు గోధుమరంగులో, కాఫీ పొడి కలిపినట్టు. రెండోసారి అందులో ఎర్రటి జీర. రోజూ చూసే డాక్టరుకి ఆదివారం సెలవు. మరిది అత్యవసర పశువుల ఆసుపత్రికి ఫోన్ చేసి, అందరికీ వినపడేలా ఫోను బల్ల మీద పెట్టాడు. అవతలి గొంతు తడుముకోకుండా చెప్పింది. తిండి గాని నీళ్ళు గాని పెట్టొద్దు. మొదటి వాంతి ఎన్నింటికయిందో రాసుకోండి. నొప్పిలో ఉన్న కుక్క పెంచినవాళ్ళనైనా కరుస్తుంది, దుప్పట్లో పడుకోబెట్టి ఎత్తండి. ఇంట్లో ఏ మందులుంటే ఆ మందులు, కుక్కవే కాదు మనుషులవి కూడా, అట్టలతో సహా తీసుకురండి.

పంతులమ్మ గబగబా మసి మాత్రల అట్ట సంచిలో వేసుకుంది. టైలరమ్మ చెయ్యి నడుము దగ్గరికి పోయింది. పోయినంత వేగంగా వెనక్కి వచ్చేసింది.

కారు వెనక సీట్లో మసి తల పంతులమ్మ ఒళ్ళో ఉంది. వెనక కాళ్ళూ తోకా టైలరమ్మ ఒళ్ళో. వాటాల్లో తనకి తోకే వచ్చిందని, అంత భయంలో కూడా, ఆమె గమనించకపోలేదు.

ఆసుపత్రి కౌంటరు దగ్గరున్న అమ్మాయి వీళ్ళు పేరు చెప్పేలోగానే బల్ల దాటి వచ్చింది. మసి పెదవి ఎత్తి చిగురు మీద వేలు పెట్టి నొక్కి, తెల్లబడిన చోటు మళ్ళీ ఎన్ని క్షణాలకి ఎర్రబడుతుందో చూసింది. ఊపిరి లెక్కపెట్టింది. తొడ లోపల వేళ్ళు పెట్టి నాడి చూసింది. అప్పుడు కాగితం తీసి, ముగ్గుర్నీ వరసలో నిలబెట్టి, కుర్చీల్లో కూచున్న ఊళ్ళోవాళ్ళందరూ వింటుండగా అడిగింది, ఏమైనా మందులు వేస్తున్నారా అని.

పంతులమ్మ పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. కీళ్ళనొప్పి మాత్ర, పొద్దున తిండి తర్వాత ఒకటి, పదిరోజులుగా, ఒక్క పూట కూడా తప్పలేదు, తన చేత్తోనే వేస్తోంది. ఇదిగో అట్ట.

"ఇది కాక? ఇంకెవరైనా ఇంకేదైనా పెట్టారా?"

మరిది తల తిప్పాడు. పంతులమ్మ తల తిప్పింది. ఇద్దరూ టైలరమ్మ వంకే చూశారు. నిజానికి వాళ్ళ చూపులో ఏమీ లేదు, మిగిలింది ఆమె ఒక్కతే కనక చూశారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఆమెకి ఆ చూపుల్లో కోర్టు కచేరీలు కనపడ్డాయి. పదిరోజులుగా ఒక్క పూట తప్పకుండా వేసిన ఈ సుగుణాల రాశి ముందు, దొంగచాటుగా వెన్నలో పెట్టి వేశానని చెప్పడమా?

"గుండీలు," అంది. "నిన్న కోటు గుండీల పొట్లం చిరిగింది. ఏరితే రెండు తగ్గాయి. వాడికి గుండీలు మింగే అలవాటుంది."

పొట్లం చిరగలేదు. గుండీలు తగ్గలేదు. ఆ అబద్ధం ఎంత బాగా అతికిందంటే, మరిది వెంటనే అవునవును, చిన్నప్పుడు కూడా మింగాడు అని సాక్ష్యం చెప్పాడు. కౌంటరు అమ్మాయి గుండీలు అని రాసి కింద గీత గీసింది. లోపల ఇంకో ప్రాణిని బతికించే పని జరుగుతోంది, అయిదు నిమిషాలు ఆగండి, ఏ మార్పు కనపడినా నన్ను పిలవండి, నేను మొహమాటపడను, మీరూ పడొద్దు అని చెప్పి వెళ్ళింది.

ఆ అయిదు నిమిషాల్లో రిటైరైన పోస్ట్‌మ్యాన్ ఒకాయన బుట్ట పట్టుకుని వచ్చాడు. బుట్టలో గండుపిల్లి, పీట మీద పెళ్ళికొడుకులాగా నిటారుగా కూచుని ఉంది. రక్తం లేదు, మూలుగు లేదు. కౌంటరు అమ్మాయి దాని పొట్ట మీద చెయ్యి పెట్టిందో లేదో బుట్టతో సహా ఎత్తుకుని లోపలికి పరిగెత్తింది.

టైలరమ్మ లేచింది. ఇంట్లో ఎలాగూ రెండో పీటే. ఇక్కడా రెండో పీటేనా? మేం ముందొచ్చాం, మా వాడు రక్తం కక్కుతున్నాడు, ఆ పిల్లిగారు వాహ్యాళికి వచ్చినట్టున్నారు, ఆయనకి ముందెందుకు, తెలిసినవాళ్ళా, చుట్టాలా, అని కౌంటరు బల్ల మీద చరిచి మరీ అడిగింది. తిరిగొచ్చిన అమ్మాయి కోప్పడలేదు. ఆ అడుగుడు రోజుకి పదిసార్లు వింటుంది కాబోలు.

"ఆ పిల్లికి నిన్న పొద్దుటి నుంచి మూత్రం బందయిందమ్మా. చూడ్డానికి బాగానే ఉంటుంది. ఇంకో రెండు మూడు గంటలైతే గుండె ఆగిపోతుంది. ఇక్కడ ఎవరు గట్టిగా అరుస్తున్నారని చూడం. ఎవరికి టైం తక్కువుందో చూస్తాం."

"మరి అది తలుపు మీద రాయొచ్చుగా?"

అమ్మాయి ఫోను మోగితే ఎత్తడానికి పోయింది. పోస్ట్‌మ్యాన్ మాత్రం ఖాళీ చేతులు చూసుకుంటూ అన్నాడు. "మమ్మల్ని చూసి కుళ్ళుకోకమ్మా. ఇక్కడ ముందు పిలవడం పేరంటం పిలుపు కాదు."

ఆ మాట నోట్లో ఉండగానే మసి మళ్ళీ కక్కింది. ఈసారి గచ్చు మీద పడింది అచ్చంగా రక్తం. తలుపులు తెరుచుకున్నాయి, ఇద్దరు మనుషులూ ఒక చక్రాల బల్లా వచ్చాయి. అవతలి కుర్చీల్లో వీళ్ళకంటే గంట ముందు నుంచి చిలకని ఒళ్ళో పెట్టుకుని కూచున్న తల్లీకూతుళ్ళు చురుక్కున చూశారు. ఇందాక తను పిల్లిని చూసిన చూపే అది. టైలరమ్మ గుర్తుపట్టింది. ఆ చూపుకి తగినంత సంబరం తనకేమీ కలగలేదని కూడా గుర్తించింది.

గుమ్మం దగ్గర డాక్టరమ్మ కనిపించింది. పొట్టి మనిషి, చెదిరిన జుట్టు, మాటలు దారం కొరికినట్టు తుంచి మాట్లాడుతుంది. పట్టుకోవడానికి ఒక్కరు లోపలికి రావచ్చు, మిగతావాళ్ళు బయటే ఉండాలి, ఎవరి మాట వింటుంది అని అడిగింది.

మరిది పాపం మంచివాడు. మంచివాళ్ళు చేసే పాడుపని చేశాడు, నిజం చెప్పాడు. "మా ఆవిడ మాట వింటాడండి."

పంతులమ్మ లోపలికి పోయింది. తలుపు రెండు రెక్కలూ ఊగి ఊగి ఆగాయి. టైలరమ్మ మూసిన తలుపుని చూస్తూ నిలబడింది. దూదితో పాలు పిండి పోసిన చేతులు రెండూ పక్కన వేలాడుతున్నాయి. కుక్క చస్తుందేమోనన్న భయం ఒకపక్క. చచ్చేటప్పుడు కూడా దాని ఎదుట ఉండేది ఆ పిల్ల మొహమే కదా అన్న మంట ఇంకోపక్క. ఆ రెండింట్లో ఏది పెద్దదని ఆ క్షణాన అడిగితే ఆమె చెప్పలేకపోయేది. చెప్పడానికి సిగ్గుపడేది, అది వేరు.

చెప్పెయ్యొచ్చు. కౌంటరు అమ్మాయి నాలుగడుగుల దూరంలో ఉంది. సంచి నడుముకే ఉంది. కాని తేలు కుట్టిన దొంగ అరుస్తాడా? గుండీల కోసం వెతికితే వాళ్ళకే ఏదో ఒకటి తెలుస్తుందిలే, డాక్టర్లన్నాక ఆ మాత్రం తెలీదా, అని తనకి తనే సర్దిచెప్పుకుంది. ఫొటో తీసే యంత్రం కడుపులో కరిగిన మాత్రని చూపించదు. చూపించేది ఒక్కటే, మనిషి నోరు. అది కుట్టేసుకుని కూచుంది.

దాదాపు గంట అయింది. డాక్టరమ్మ ఒక కాగితం పట్టుకుని వచ్చింది. యజమాని ఎవరని అడిగింది. ఆ మాట వినడానికి ఆరేళ్ళుగా చెవులు కోసుకునే మనిషి, నడుము సంచిని చెంగుతో కప్పుకుని లేచింది.

"ఎక్స్‌రేలో గుండీ కనపడలేదు. ప్లాస్టిక్‌వైతే కనపడకపోవచ్చు కూడా. స్కానింగులో పేగు మొదట్లో వాపుంది, లోపల ఏదో ఉందో లేదో తేలట్లేదు. మీరు రెండు తగ్గాయన్నారు. అడ్డం పడి పేగు చిరిగుంటే ఇక ఆగడానికి లేదు, పొట్ట తెరవాలి. చాలా రక్తం పోయింది. మత్తుకి తట్టుకుంటాడని మాట ఇవ్వలేను. ఒప్పుకుంటే ఇక్కడ సంతకం."

"గుండీ లేకపోతే?" అంది టైలరమ్మ.

"లేకపోతే ఊరికే కోసినట్టు. ఈ ఒంటికి ఊరికే కోత పడితే బల్ల మీదే పోతాడు." డాక్టరమ్మ ఆమె మొహంలోకి చూసింది. "గుండీలు తగ్గాయి కదా?"

అప్పుడే తలుపు తోసుకుని పంతులమ్మ వచ్చింది. ఒళ్ళంతా నల్ల వెంట్రుకలు, మోచేతి దాకా రక్తం మరకలు, ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడింది. "పెట్టెయ్ అక్కా," అంది. "ఆలస్యం చెయ్యకు. వాడు నన్నే చూస్తున్నాడు."

నన్నే. ఆ ఒక్క మాట టైలరమ్మ చేతిని కాగితం మీదికి తోసింది. పెట్టేస్తే పోతుంది. గుండీ దొరక్కపోతే దొరకలేదంటారు. కుక్క పోతే ఇద్దరికీ పోతుంది, ఇక మెట్ల మీద చప్పుడుండదు. అంత దూరం పోయింది ఆమె మనసు. పోలేదని బుకాయించడం దేనికి, పోయింది. కలం ముల్లు కాగితానికి తగిలి చుక్క కూడా పడింది.

ఆ చుక్క దగ్గరే ఆగింది. ఇరవై రెండేళ్ళుగా గుడ్డ మీద కత్తెర వేసే ముందు ఆమె చెయ్యి ఎప్పుడూ అలా ఒక్క క్షణం ఆగుతుంది. మూడుసార్లు కొలవంది కత్తెర ఎత్తదు. కొలత తప్పు చెప్పి కుట్టించుకున్న గిరాకీలు ఎంతమందో ఆమెకి తెలుసు. నడుము రెండంగుళాలు తగ్గించి చెప్తారు, పరువు కోసం. కోసేశాక ఆ గుడ్డని దేవుడు కూడా అతకలేడు. ఇవాళ కొలత తప్పు చెప్పింది తను. కత్తెర ఎత్తుతున్నది ఈ పొట్టి మనిషి. బల్ల మీద పరిచి ఉన్నది గుడ్డ కాదు.

కలం పక్కన పెట్టింది. నడుము సంచిలో చెయ్యి పెట్టి, సుద్దపొడి అంటిన అట్ట తీసి కాగితం మీద పెట్టింది.

"గుండీలు తగ్గలేదు. మాత్రలు తగ్గాయి. నా నడుము నొప్పివి. ఎనిమిది రోజుల్నుంచి, సాయంత్రం పూట, సగం సగం. వెన్నలో పెట్టి."

డాక్టరమ్మ అట్ట తిప్పి పేరు చదివింది. ఖాళీ గుంటలు లెక్కపెట్టింది. ఎన్నింటికి వేశారు, చివరిది ఎప్పుడు, నిన్నా, పూర్తి మాత్రా సగమా, అని నాలుగు ప్రశ్నలు టకటకా అడిగి, పొద్దున మాత్ర ఒకటి, దాని మీద మనుషులది సగం, రెండూ కలిసి కడుపు గోడని పుండు చేశాయి, మూత్రపిండాల మాట చూడాలి, అని తనలో తను అనుకున్నట్టు అని, సంతకం కాగితాన్ని నలిపి జేబులో కుక్కుకుంది. తిట్టలేదు. తలుపు దగ్గర మాత్రం ఒక్కసారి ఆగింది. "గంట పోగొట్టారమ్మా," అంది. తిడితేనే బాగుండేది.

పంతులమ్మ ఉన్నచోటే నిలబడి ఉంది.

"అందుకేనా సాయంత్రాలు కిందికొచ్చేవాడు?"

"అందుకే," అంది టైలరమ్మ. ఆ మూడక్షరాలకి గొంతులోంచి బయటికి రావడానికి ఎంత దారి నడవాలో ఆ రోజు ఆమెకి తెలిసింది. ఎనిమిది సాయంత్రాల గెలుపూ ఒక్క మాటతో పోయింది. ఇక తన్నినా తిట్టినా పడాలని తల వంచుకుంది.

పంతులమ్మ తన్నలేదు. కుర్చీలో కూలబడి, చేతి మీద ఎండిన రక్తాన్ని గోటితో గీకుతూ, శుక్రవారం పొద్దున తిప్పడానికి తీసుకెళ్ళినప్పుడు మసి విరేచనం తారులాగా నల్లగా పడిందని చెప్పింది. చూసి ఎవరికీ చెప్పలేదట. ఎందుకు చెప్పలేదని టైలరమ్మ అడగలేదు, ఆ పిల్లే చెప్పింది.

"చెప్తే నా చేత్తో వేసింది పడలేదంటావని. మాత్ర వేసే పని మళ్ళీ నువ్వు తీసేసుకుంటావని. ఈ మధ్య పిలిస్తే కూడా రావట్లేదు వాడు. ఆ ఒక్క మాత్రకే పొద్దున నా దగ్గరికి వస్తున్నాడు అక్కా."

రెండేళ్ళుగా గాలి గాలి అని నవ్విన పిల్ల ఇదా? టైలరమ్మకి ముందు ఒళ్ళు మండింది. శుక్రవారమే చెప్పి ఉంటే శుక్రవారమే ఆసుపత్రికి వచ్చేవాళ్ళం కదా, అని జుట్టు పట్టుకోవాలనిపించింది. శుక్రవారం సాయంత్రం కూడా తను సగం మాత్ర వేసిన సంగతి గుర్తొచ్చి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. కుళ్ళు తనొక్కదాని సొత్తే అనుకుంది ఇన్నాళ్ళూ. మేడ మీద కూడా అంతే కాగుతోందని తెలిసి, చెప్పుకోకూడదు గాని, రవ్వంత హాయిగా కూడా అనిపించింది.

మరిది ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. మీ ఇద్దరి మధ్యా కుక్క కాక నేను పడి ఉంటే ఈపాటికి నన్ను కూడా ఇక్కడికే మోసుకొచ్చేవారు, అని గొణిగి నీళ్ళు తేవడానికి పోయాడు. పోస్ట్‌మ్యాన్ అంతా విన్నాడు. వినకుండా ఉండటానికి ఆ గదిలో గోడలెక్కడున్నాయి? మా ఇంట్లో నేనొకణ్ణి, పిల్లి ఒకటి, అబద్ధం చెప్పుకోవడానికి మూడో మనిషి లేడు, అయినా నిన్న పొద్దున తెలిసింది ఇవాళ తెచ్చాను, రేపటికి సర్దుకుంటుందని నాకు నేనే చెప్పుకున్నాను, అన్నాడు. అతని పిల్లికి గొట్టం వేశారు. గండం గడిచిందని చెప్పి వెళ్ళారు. ఈసారి దాని మీద టైలరమ్మకి కుళ్ళు కలగలేదని రాస్తే అబద్ధం. కలిగింది.

ఇంకో రెండు గంటలకి డాక్టరమ్మ వచ్చింది. కోత లేదు. రక్తం ఎక్కించారు, సెలైను పెట్టారు, పుండుకి మందు పడుతోంది, వాంతి ఆగింది. మూత్రపిండాల సంగతి రేపటి పరీక్షలో గాని తేలదు. బతుకుతాడని ఇప్పుడే అనను, గుండీల కోసం కోసి ఉంటే ఈ మాట కూడా అనడానికి ఉండేది కాదు. రెండు మూడు రోజులు ఇక్కడే ఉండాలి. ఎప్పుడైనా ఫోన్ చెయ్యొచ్చు. ఒక్కరు వెళ్ళి రెండు నిమిషాలు చూసి రండి, ఇంటి వాసన ఉన్న గుడ్డ ఏదైనా ఉంటే పక్కన పెట్టండి, కొత్తచోట కంగారు పడకుండా ఉంటాడు.

ఒక్కరు. మళ్ళీ ఆ లెక్కే. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకోలేదు.

టైలరమ్మ భుజం మీంచి పనిగుడ్డ తీసింది. రోజంతా మిషను దగ్గర వేసుకునేది, దారం పోగులు, సుద్ద, మిషను నూనె వాసన. ఒళ్ళో పరిచి అంచు అంచూ వేళ్ళతో తడిమి, గుచ్చి మరిచిపోయిన గుండుసూదులు మూడు ఏరి సంచిలో వేసుకుంది. మళ్ళీ ఒకసారి తడిమింది. అప్పుడు మడిచి పంతులమ్మ చేతిలో పెట్టింది.

"నువ్వు వెళ్ళు. వాడు నిన్నే చూస్తున్నాడన్నావుగా."

ఆ మాటలో మంచితనం ఎంతో, పుల్లవిరుపు ఎంతో ఆమెకే తెలీదు. పంతులమ్మ గుడ్డని పొట్టకి అదుముకుని లోపలికి పోయింది. తలుపు ఊగి ఆగింది. మసి గుడ్డని వాసన చూశాడో, పిల్ల చెయ్యి నాకాడో, అది లోపలి సంగతి. టైలరమ్మ ఈసారి తలుపు వంక చూడకుండా చేపల తొట్టె వంక చూస్తూ కూచుంది. చూడకుండా కూచోవడానికి ఎంత బలం కావాలో చూసినవాళ్ళకి తెలీదు.

వీధి తలుపు తెరుచుకుంది. మొగుడూ పెళ్ళామూ, వెనక ఒక పెద్దావిడ. మొగుడి చేతుల్లో దుప్పటి చుట్టిన కుక్కపిల్ల, నోటి నుంచి చొంగ కారుతోంది, కాళ్ళు కొట్టుకుంటున్నాయి. కౌంటరు అమ్మాయి బల్ల దాటి వచ్చి, పిల్లని లోపలివాళ్ళ చేతికి అందించి, కాగితం తీసింది. ముగ్గుర్నీ వరసలో నిలబెట్టింది. ఏం తిన్నది?

ఏం లేదు, అన్నాడు మొగుడు. ఏం లేదండీ, అంది పెళ్ళాం. పెద్దావిడ కోడలి వంక ఒకసారి చూసి, చెంగు వేలికి చుట్టుకుంటూ, చేపల తొట్టె వైపు మొహం తిప్పుకుంది.

ఆ తొట్టెలో చూడ్డానికి ఏమీ లేదని టైలరమ్మకి తెలుసు. ఇందాకటి నుంచి తను చూస్తున్నది అదే. లేచింది. గది దాటి వెళ్ళి కౌంటరు అమ్మాయి చేతిలో కాగితం మీద తన చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇలా అడక్కు. ఆ పెద్దావిడని ముందు పక్క గదిలోకి తీసుకెళ్ళు. తలుపు వేసి అడుగు. తర్వాత ఆ అమ్మాయిని. తర్వాత అతన్ని. ఒక్కొక్కళ్ళనే అడుగు. ఎవరు చెప్పారో ఇంకొకళ్ళకి చెప్పనని మాట ఇచ్చి అడుగు. ఇవాళ ఒక్కరోజు కాదు, ఈ గుమ్మం తొక్కిన ప్రతి ఇంటినీ అలాగే అడగండి. ఆ నవ్వే కుక్క బొమ్మ పీకేసి అక్కడ రాసిపెట్టండి ఈ మాట. సుద్ద లేకపోతే నా దగ్గరుంది, ఇదిగో. రాయడం తర్వాత. ముందు ఆవిణ్ణి తీసుకెళ్ళు. ఇప్పుడే తీసుకెళ్ళు."